స్టీమ్ డెక్: చాలాకాలం వాడాక ధర గురించి నాలుగు మాటలు

2022 చివర్లో మా బావ డాలస్ నుంచి వస్తూ స్టీమ్ డెక్ తెచ్చిపెట్టాడు. చేతిలో పట్టుకుని పీసీ గేములు ఆడుకునే మెషిన్ ఇది. మూడు మోడళ్లలో చవకైనది, 64 జీబీది. 399 డాలర్లు, అక్కడి ట్యాక్స్ కలిపితే మన డబ్బుల్లో 35 వేల దాకా అయింది. దీన్ని తయారుచేసే వాల్వ్ కంపెనీ ఇండియాలో అధికారికంగా అమ్మదు కాబట్టి వారంటీ మీద ఆశ ముందే వదిలేశాను. అప్పటి నుంచీ వాడుతూనే ఉన్నా. కొనమంటావా అని ఎవరైనా అడిగితే ముందు నేను అడిగేది ఒకటే: ఇందులో ఆడే గేములు అమ్మే వాల్వ్ ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో, మీ అకౌంట్‌లో ఇప్పటికే ఎన్ని గేములున్నాయి?

ఎందుకంటే దీని ధర లెక్కంతా అక్కడే ఉంది. స్టీమ్‌లో అమ్ముడయ్యే గేముల మీద వాల్వ్‌కి మామూలుగా 30 శాతం కమీషన్ వస్తుంది. అందుకే మెషిన్ మీద లాభం పెద్దగా చూసుకోకుండా అమ్మగలిగింది. అంత తక్కువ ధర పెట్టడం బాధగానే ఉందని వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ కూడా అప్పట్లో ఒప్పుకున్నారు. ఇలాంటి మెషినే చేసే ఏసుస్‌కి అలాంటి గేముల దుకాణం లేదు, మెషిన్ అమ్మితేనే డబ్బు. అందుకే 2023లో వాళ్ల ఆర్‌ఓజీ అలై ఇక్కడ 69,990 రూపాయలకు వచ్చింది. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్, 120 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు బొమ్మ మారుతుంది), విండోస్, పైగా ఇక్కడే వారంటీ. ఆఫీసులో ల్యాప్‌టాప్, ఇంట్లో ఇదొక్కటే గేమింగ్ పీసీ అనుకునేవాళ్లకి ఆ ధర తప్పేమీ కాదు. నాకైతే ఎక్కువే.

నాలాంటివాళ్లకి స్టీమ్ డెక్‌లో అసలైన సుఖం పవర్ బటన్. పాప నిద్రపోయాక అరగంట దొరుకుతుంది. ఫైట్ మధ్యలో లేచి ఏడిస్తే బటన్ నొక్కి పక్కన పడేస్తాను. మర్నాడు రాత్రి మళ్లీ నొక్కితే కత్తి ఎత్తిన మనిషి ఎత్తినట్టే ఉంటాడు. సేల్‌లో కొని ముట్టుకోని గేములు చాలా వరకు ఇలాగే పూర్తయ్యాయి. బ్యాటరీ 40 వాట్ అవర్లది. రెండు నుంచి ఎనిమిది గంటలని కంపెనీ చెప్పింది. పెద్ద గేమ్ పెడితే ఆ రెండు గంటల వైపే ఉంటుంది, పిక్సెల్ గేములైతే సాయంత్రమంతా వస్తుంది. స్క్రీన్‌ని 40 హెర్ట్జ్‌కి దించి, గేమ్ సెకనుకు చూపే ఫ్రేములు (బొమ్మలు) కూడా 40కే కట్టేస్తే బ్యాటరీ ఆ రెండింటికీ మధ్యస్థంగా వస్తుంది. బరువు 669 గ్రాములు. వెల్లకిలా పడుకుని ఆడాలనుకుంటే కాసేపటికే మణికట్టు లాగుతుంది, కడుపు మీద దిండు పెట్టుకోండి.

64 జీబీ సరిపోతుందా? సరిపోదు, కానీ మెమరీ కార్డు వేసుకోవచ్చు. లోడింగ్ కొంచెం నెమ్మది, అంతే. అప్పట్లో 649 డాలర్ల మోడల్‌లో ఎక్కువగా దొరికింది 512 జీబీ స్టోరేజీ, మెరుపు తగ్గించే గాజు. చిప్ మాత్రం అన్నిటిలో ఒకటే.

ఇక పిల్లల సంగతి. మా అక్క కొడుకు దసరా సెలవులకి వచ్చి దీన్ని చూసి ఎగిరి గంతేశాడు. "మామయ్యా, ఇందులో బీజీఎంఐ వస్తుందా?" రాదన్నాను. "వాలరెంట్?" అదీ రాదు, దాని యాంటీ చీట్ (ఆటలో మోసాన్ని ఆపే సాఫ్ట్‌వేర్) ఈ మెషిన్‌లో ఉండే లినక్స్ మీద నడవదు. ఐదు నిమిషాల్లో నా చేతికి తిరిగిచ్చి వాళ్లమ్మ ఫోన్ తీసుకున్నాడు. వాడికి కావాల్సింది ఫ్రెండ్స్ ఆడే గేమ్, అది ఉచితంగా ఫోన్‌లోనే ఉంది. మన దగ్గర ఈ మెషిన్లన్నిటికీ పోటీ ఒకదానితో ఒకటి కాదు, ఇరవై వేల ఫోనుతో.

పిల్లలకే కొనాలంటే అమెరికాలో 199 డాలర్లకి వచ్చిన నింటెండో కంపెనీ స్విచ్ లైట్ నయం. చేతిలో తేలిగ్గా ఉంటుంది, గేములు వాళ్ల వయసుకి తగ్గవి. కాకపోతే టీవీకి కలపలేం. నింటెండో కూడా దాన్ని ఇక్కడ అధికారికంగా అమ్మదు, దిగుమతి సరుకే దిక్కు. పైగా నింటెండో సొంత గేములకు డిస్కౌంట్లు అరుదు. 60 డాలర్ల గేములు నాలుగు కొంటే మెషిన్ ధర దాటిపోతుంది. స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, సేల్‌లో కొన్ని మంచి గేములు బిర్యానీ ఖర్చుకే దొరుకుతాయి.

2023 నవంబర్‌లో వచ్చిన స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ (మెరుగైన స్క్రీన్) మోడల్‌కి మారాలా అని కొందరు అడుగుతున్నారు. 549 డాలర్ల నుంచి మొదలైంది. 50 వాట్ అవర్ బ్యాటరీ, 90 హెర్ట్జ్ స్క్రీన్, కొంచెం తక్కువ బరువు. కొత్తగా కొనేవాళ్లు అదే తీసుకోండి. పాతది ఉన్నవాళ్లకి గేముల వేగంలో పెద్ద తేడా కనిపించదు. నేను మారలేదు, ఆ డబ్బుతో రెండేళ్ల సేల్స్ గడిచిపోతాయి.