క్రీట్, సిఫ్నోస్, సాంటోరిని: తిండి కోసం వెళ్తే ఏది మేలు?

గ్రీస్ వెళ్లే మనవాళ్లలో చాలామంది నేరుగా సాంటోరిని దీవికి టికెట్ తీసేస్తారు. తెల్లటి ఇళ్లు, నీలి గుమ్మటాలు, సూర్యాస్తమయం చూడాలంటే వెళ్లాల్సిందే. కానీ ఒక దీవి వాళ్లు తరతరాలుగా ఏం తిని బతికారో రుచి చూడాలని ఉంటే, వారం రోజులు చేతిలో ఉంటే, నా ఓటు క్రీట్ దీవికే.

సాంటోరిని మట్టిలో పండినదాన్ని మాత్రం తక్కువ చేయలేం. వాన అంతంతమాత్రం, నేలంతా అగ్నిపర్వతం బూడిద. ద్రాక్ష తీగలను గాలికి తట్టుకునేలా నేల మీదే గుండ్రంగా బుట్టలా అల్లుతారు. చిన్న టమాటాలు నీళ్లు పెట్టకుండానే పండుతాయి, అందుకే అంత చిక్కటి రుచి. ఉల్లిపాయ, పుదీనా వేసి వాటితో చేసే వడల్లాంటివే దొమతోకెఫ్తేదెస్. ఇక ఫావా. పేరు చూసి చిక్కుడు గింజలనుకుంటారు, కాదు. అది మన దగ్గర ఎంతో వివాదం నడిచిన కేసరి పప్పుకు దగ్గరి చుట్టం. మెత్తగా ఉడికించి, పైన పచ్చి ఉల్లిపాయ, కేపర్లు (ఊరబెట్టిన పుల్లటి పూమొగ్గలు), ఆలివ్ నూనె వేస్తారు. ముద్దపప్పు తిని పెరిగిన నాలుకకు ఇది పరాయి తిండి అనిపించదు. కాకపోతే బయటినుంచి తెచ్చిన బఠాణీ పప్పును కూడా ఫావా పేరుతో వడ్డిస్తుంటారు. ఇక్కడ పండిందేనా అని అడగండి. పైగా సముద్రం కనిపించే టేబుల్‌కి పెట్టే డబ్బులో సగం ఆ దృశ్యానికే పోతుంది.

క్రీట్‌కు వెళ్తే తేడా తెలుస్తుంది. దీవి పెద్దది, ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైనే. కొండా, తోటా, మేకల మందా అన్నీ అక్కడే ఉన్నాయి. ఊళ్లోవాళ్లు తమ కోసం వండుకునేదే హోటల్లోనూ దొరుకుతుంది. దాకోస్ చూడండి. రాయిలా గట్టిగా ఉండే బార్లీ రస్కు మీద నీళ్లు చిలకరించి, తురిమిన టమాటా పరిచి, పుల్లటి మిజిత్రా చీజ్ చిదిమి, ఆలివ్ నూనె ధారగా పోస్తారు. కాసేపాగితే టమాటా రసం అడుగుదాకా ఇంకి, పైన మెత్తగా, అంచున ఇంకా కరకరలాడుతూ ఉంటుంది. నెలల తరబడి పాడవకుండా ఉండాలని రొట్టెను రెండోసారి కాల్చి ఎండబెట్టిన కాలం నాటి తిండి ఇది. పొలం గట్ల మీద దొరికే ఆకుకూరలను హోర్తా అంటారు. ఉడికించి, నిమ్మరసం పిండి పెడతారు. 1950ల చివర్లో మొదలైన ఏడు దేశాల గుండె జబ్బుల అధ్యయనంలో, ఆ జబ్బులు తక్కువగా ఉన్నవాళ్లుగా క్రీట్ రైతులు ప్రపంచం దృష్టికి వచ్చింది ఇలాంటి తిండి వల్లే.

శాకాహారులకు ఒక హెచ్చరిక. గామోపిలాఫో అనే పెళ్లి అన్నం తెల్లగా, అమాయకంగా కనిపిస్తుంది, కానీ అది మాంసం ఉడికిన నీళ్లలో వండినది. ఉపవాస వంటలను నిస్టీసిమా అంటారు. వాటిలో మాంసం, పాలు, గుడ్లు ఉండవు గానీ ఆక్టోపస్, స్క్విడ్ ఉండొచ్చు. నూనెలో మగ్గించిన కూరగాయలు, అంటే లదేరా, అడిగితే మీ పని సులువు. అప్పుడు కూడా మాంసం వద్దని, సముద్రంలోది కూడా వద్దని రెండూ చెప్పండి.

ఇక సిఫ్నోస్. ఇక్కడ విమానాశ్రయం లేదు, ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి ఓడెక్కాలి. వెళ్లేది ముఖ్యంగా ఒక్క వంట కోసం: రెవిథాదా. నానబెట్టిన కాబూలీ శనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె, బిర్యానీ ఆకు మట్టికుండలో వేసి, శనివారం సాయంత్రం ఊరి బేకరీ కట్టెల పొయ్యిలో పెడతారు. రాత్రంతా సన్నటి వేడి మీద ఉడుకుతుంది. ఆదివారం చర్చి నుంచి వస్తూ కుండ ఇంటికి తెచ్చుకుంటారు. శనగ విడిపోదు, వేలితో నొక్కితే మాత్రం వెన్నలా నలిగిపోతుంది. మసాలా ఏమీ ఉండదు, ఉల్లిపాయ తీపి, శనగ రుచి, అంతే. కుమ్మరి పనికి పేరున్న దీవి కాబట్టి ఆ కుండా అక్కడిదే.

క్రీట్ తర్వాత రెండు రోజులు మిగిలితే నేను సాంటోరిని కన్నా సిఫ్నోస్‌కే పంపిస్తాను. ఓడ టికెట్ తీసేటప్పుడు మాత్రం శనివారం రాత్రికల్లా దీవిలో ఉండేలా చూసుకోండి.