ఆరు సీజన్లు వాడిన వీర్యసాంద్రత మీటరు

మార్వాడీ గుర్రాల పెంపక కేంద్రంలో పశువైద్యుడిగా జోధ్‌పూర్ వైపు వచ్చి ఏడేళ్లయింది. "గుడ్డి గుర్రాలకు పళ్లు తోముతున్నావా?" అని తిరుపతిలో నాతో చదివిన మిత్రులు ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు. పళ్ల మాట ఎలా ఉన్నా, స్టాలియన్ల, అంటే పెంపకానికి ఉంచిన మగగుర్రాల వీర్యపరీక్ష మాత్రం దాటించే సీజనులో నాకు నిత్యకృత్యం. ఆ పనిలో ఆరు సీజన్లుగా నా చేతిలో ఉన్నది ఈ మీటరు. కొత్త మోటారుసైకిలు కంటే ధర ఎక్కువే. కొనిపించడానికి యజమాని వెంట ఏడాది తిరిగాను.

పలుచన చేసిన వీర్యం గుండా ఇది కాంతిని పంపుతుంది. ఎంత కాంతి ఆగిపోతే అన్ని వీర్యకణాలున్నట్టు లెక్క కడుతుంది. నిమిషంలోపే అంకె వస్తుంది. అదే పని న్యూబార్ గదిలో, అంటే సన్నని గళ్లు గీసిన గాజు పలకలో, మైక్రోస్కోపు కింద గళ్లలోని తలలు లెక్కిస్తూ చేస్తే పావుగంట పైనే పడుతుంది. ఎదకు వచ్చిన ఆడగుర్రాలు మూడు బయట కాచుకుని ఉన్న ఉదయాన ఆ పావుగంట చాలా పెద్దది.

కాని కాంతికి అడ్డం వచ్చిన ప్రతిదీ ఈ మీటరుకు వీర్యకణమే. దుమ్ము, చీము కణాలు, వడకట్టులో జారిపోయిన వీర్యంలోని జిగురు, అన్నీ లెక్కలోకి ఎక్కుతాయి. పాలతో చేసిన ఎక్స్‌టెండర్ (కణాలు బతికి ఉండేందుకు వీర్యంలో కలిపే ద్రవం) కలిపాక కొలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. మొదటి సీజనులో ఆ తెలివితక్కువ పని నేనూ చేశాను.

తప్పు ఎక్కడ తగులుతుందో చూడండి. ఒక్కో ఆడగుర్రానికి ముందుకు చురుగ్గా కదిలే కణాలు 50 కోట్లు ఇవ్వడం ఆనవాయితీ. మిల్లీలీటరుకు 20 కోట్ల కణాలుండి, వాటిలో 70 శాతం అలా కదులుతుంటే 3.6 మిల్లీలీటర్ల వీర్యం కావాలి. మీటరు ఆ 20ని 30గా చూపిందనుకోండి, మనం 2.4 మిల్లీలీటర్లే తీస్తాం. వెళ్లేది 33 కోట్ల చిల్లర. చూలు నిలవకపోతే తప్పు ఆడగుర్రం మీద పడుతుంది.

మూడో సీజనులో ఒక ఎర్రగుర్రం వచ్చింది. చాలాకాలం దాటించకుండా కట్టేసి ఉంచారు. మొదటి సేకరణలో మీటరు మిల్లీలీటరుకు 60 కోట్లు చూపింది. మామూలుగా 10 నుంచి 35 కోట్ల మధ్య ఉంటుంది. యజమాని మీసం దువ్వాడు. మైక్రోస్కోపులో చూస్తే కదిలేవి నూటికి పదిహేను కూడా లేవు, తోకల నుంచి ఊడిన తలలే ఎటు చూసినా. మలద్వారం గుండా చేయి పెట్టి తడిమితే వీర్యనాళాల చివరి భాగాలు గట్టిగా, నిండుగా తగిలాయి. పాత కణాలు అక్కడే పేరుకుపోయాయి. వరుసగా ఏడు రోజులు వీర్యం తీశాం. అంకె రోజురోజుకూ తగ్గింది, కదలిక 65 శాతానికి పెరిగింది. మీటరు ఒక్కటే ఉంటే మొదటి రోజు వీర్యమే మేలైనదని రాసిపెట్టేవాడిని.

అందుకే ఇప్పుడు కొత్త గుర్రం వస్తే గంట తేడాతో రెండుసార్లు తీస్తాను. రెండోసారి మొత్తం కణాలు మొదటిదాంట్లో సగం చుట్టూ ఉండాలి. లేకపోతే మీటరు పక్కన పెట్టి న్యూబార్ గది తీస్తాను. జ్వరం నుంచి కోలుకున్న గుర్రానికైతే రెండు నెలలు ఆగి గాని తీర్పు చెప్పను. వీర్యకణం తయారవడానికే 57 రోజులు పడుతుంది మరి.

మీటరు దాకా రాకముందే నమూనా పాడయ్యే దారులు ఇంకా ఎక్కువ. మేం వాడేది మిస్సోరీ రకం కృత్రిమ యోని, అంటే గోడల మధ్య వేడినీళ్లు నింపి వీర్యం పట్టే గొట్టం. తేలిక, తోలు సంచి గట్టిది. నీళ్లు 50 డిగ్రీలు దాటకుండా నింపి, లోపల 45 చుట్టూ ఉందో లేదో థర్మామీటరుతో చూసుకోవాలి. జనవరి ఉదయాల్లో ఇక్కడి చలికి గాజు స్లైడు చల్లబడితే చాలు, బతికున్న కణాలు కూడా చతికిలబడతాయి. స్లైడ్లు, సీసాలు, ఎక్స్‌టెండర్ అన్నీ 37 డిగ్రీల పెట్టెలోంచే రావాలి.

యంత్రం గట్టిదే. ఎండాకాలం షెడ్డులోనూ మొరాయించలేదు, బ్యాటరీ రెండుసార్లు మార్చానంతే. సీజనుకు నాలుగైదు సేకరణలు చేసేవారికి ఇది దండగ, ఆ డబ్బుతో బతికున్న కణాలను రంగు వేయకుండానే స్పష్టంగా చూపే మంచి ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు కొనుక్కోవచ్చు. రోజూ వీర్యం తీసేవారు మాత్రం కొనండి, కొన్నాక వారానికొకసారైనా న్యూబార్ లెక్కతో సరిపోల్చండి. గీతలు పడ్డ క్యూవెట్లు (నమూనా పోసి మీటరులో పెట్టే చిన్న పారదర్శక గిన్నెలు) కడిగి దాచుకోవద్దు. ఆ గీతలను కూడా ఇది వీర్యకణాలుగానే లెక్కపెడుతుంది.