యూపీఎస్ బ్యాటరీ మార్చేటప్పుడు నేను చూసేవి: ఏళ్లు వాడాక రాస్తున్న సమీక్ష

బెంగళూరులో అపార్ట్‌మెంటు అన్నాక జనరేటర్ ఉంటుంది కదా, మళ్లీ యూపీఎస్ ఎందుకని మా ఊరివాళ్లు అడుగుతుంటారు. జనరేటర్ అందుకునేలోపే కంప్యూటర్ ఆరిపోతుంది. రౌటర్ మళ్లీ లేచేసరికి మీటింగులో మన సంగతి ముగిసిపోయి ఉంటుంది. పైగా మా మారతహళ్లి అపార్ట్‌మెంటులో జనరేటర్ కరెంటు లైట్లకూ ఫ్యాన్లకే. కరెంటు సరఫరా సంస్థ బెస్కాంవాళ్లు మరమ్మతులని లైను తీసిన రోజున టేబుల్ కింద ఉన్న 600 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) సామర్థ్యమున్న యూపీఎస్సే దిక్కు.

ఆ యూపీఎస్ కొని చాలా ఏళ్లయింది, ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్, నిల్వ సామర్థ్యపు కొలత) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీనే, అంటే మూసి ఉండే సీసం బ్యాటరీనే, రెండుమూడేళ్లకోసారి మారుస్తూ వస్తున్నాను. ఎక్సైడ్ పవర్‌సేఫ్ వాడాను, అమరాన్ క్వాంటా వాడాను, మధ్యలో ఊరూ పేరూ లేని చవకదీ ఒకటి వాడాను. మొదటి రెండింటి మధ్యా నాకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అమరాన్ మన తిరుపతి పక్క కరకంబాడిది కదా అని మా నాన్న ఓటు దానికే. నాదీ దానికే, అంతకు మించి కారణమేమీ లేదు. చవకది మాత్రం ఏడాది తిరక్కుండానే చేతులెత్తేసింది.

ముందుగా ఒక అపోహ సంగతి. 'మీ యూపీఎస్‌కు ఒరిజినల్ బ్యాటరీనే వేయాలి' అని సర్వీసుకు వచ్చినవాళ్లు చెబుతుంటారు. ఈ రకం బ్యాటరీ ఏ కంపెనీదైనా కొలతలు దాదాపు ఒకటే: 151 మిల్లీమీటర్ల పొడవు, 65 వెడల్పు, 94 ఎత్తు. ఒరిజినల్ అని అమ్మేదీ చాలాసార్లు ఇలాంటి బ్యాటరీ మీద వాళ్ల స్టిక్కరు అంటించినదే. పాతదాని మీద వోల్టులు, ఏహెచ్, టెర్మినల్ (వైరు తగిలించే నాలుక) వెడల్పు చూసుకుంటే బయట కొనడానికి భయం అక్కర్లేదు.

నేను అన్నిటికన్నా ముందు చూసేది తయారీ తేదీ. సీసం బ్యాటరీ షాపులో అలమరలో ఉన్నా నెలకు సుమారు మూడు శాతం ఛార్జ్ దానంతటదే పోతుంది. నెలల తరబడి ఛార్జ్ పెట్టకుండా ఉంచితే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంతసేపు ఛార్జ్ పెట్టినా పూర్తి సామర్థ్యం తిరిగి రాదు. అంటే మంచి కంపెనీ సరుకైనా ఏడాది పాటు దుమ్ము పట్టినదైతే సగం చచ్చిన బ్యాటరీని కొత్త ధరకు కొన్నట్టే. ఎస్‌పీ రోడ్డులో నేను వెళ్లే షాపులో చిత్తూరు కుర్రాడు ఒకడున్నాడు. "నిన్ననే దిగిన సరుకు సార్" అంటాడు ఎప్పుడూ. "మీ షాపులో నిన్న దిగింది సరే, ఫ్యాక్టరీలో ఎప్పుడు తయారైందో చూపించు తమ్ముడూ" అంటే నవ్వి, లోపలి నుంచి ఇంకో పెట్టె తెస్తాడు. తేదీ కోడ్ రూపంలో ఉండి అర్థం కాకపోతే వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టమనండి. 12.8 వోల్టులూ ఆ పైనా ఉంటే తాజాదే. 12.5 కన్నా తక్కువైతే ఇంకోటి అడగండి. అమ్మకాలు జోరుగా ఉన్న షాపులో కొనడానికి కారణం కూడా ఇదే, అక్కడ సరుకు పాతబడేంత కాలం ఉండదు.

రెండోది బరువు. అసలైన 7 ఏహెచ్ రెండు కిలోలకు పైనే తూగుతుంది. కిలోన్నర దగ్గరే కాటా ఆగిందంటే లోపల సీసం తక్కువ, పైన రాసిన అంకె ఎంతైనా సరే. నా చవక బ్యాటరీ గుట్టు అదే. ధరలో మిగిలిందంతా సీసంలో పోయింది.

ఇక బ్యాకప్. 7 ఏహెచ్ అంటే 0.35 ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు ఇస్తుందని అర్థం. యూపీఎస్ అంత నెమ్మదిగా తాగదు. నా కంప్యూటరు, మానిటరు, రౌటరు కలిపి 130 వాట్లు. యూపీఎస్‌లో పోయే నష్టం కలిపితే బ్యాటరీ మీద పద్నాలుగు ఆంపియర్ల దాకా పడుతుంది. కాగితం మీద 12ను 7తో గుణించి 130తో భాగిస్తే దాదాపు ముప్పై తొమ్మిది నిమిషాలు రావాలి. కొత్తలో కూడా వచ్చేది పావుగంటే. వేగంగా లాగే కొద్దీ ఈ బ్యాటరీ ఇచ్చే మొత్తం తగ్గిపోతుంది, అది దాని స్వభావం. కంపెనీని తిట్టి లాభం లేదు. మానిటరూ కంప్యూటరూ ఆపేసి రౌటర్ ఒక్కటే ఉంచి చూడండి, అదే బ్యాటరీ గంటల తరబడి లాగుతుంది.

కాస్త ఎక్కువ కావాలంటే అదే పెట్టె సైజులో 9 ఏహెచ్ దొరుకుతుంది. ప్రస్తుతం నేను వాడుతున్నది అదే. బ్యాకప్ కొంచెం పెరిగింది, పూర్తిగా ఛార్జ్ అవడానికి సమయమూ పెరిగింది. టెర్మినల్ మాత్రం చూసుకోవాలి. 7 ఏహెచ్‌కు తరచుగా 4.75 మిల్లీమీటర్ల సన్న నాలుక ఉంటుంది, 9కి 6.35 వెడల్పుది. వెడల్పు క్లిప్పును సన్న నాలుకకు తగిలిస్తే వదులై వేడెక్కుతుంది. పట్టకారుతో నొక్కి సర్దేవాళ్లున్నారు, నేనైతే ఆ పని చేయను.

ఆయుష్షును తేల్చేది మాత్రం ఎండే. 25 డిగ్రీల మీద ప్రతి ఎనిమిది, పది డిగ్రీలకూ ఈ బ్యాటరీల జీవితం సగమవుతుందన్నది బ్యాటరీలవాళ్లు వాడే లెక్క. మా బావమరిది చెన్నై అంబత్తూరులో ఇదే సైజు బ్యాటరీని పడమటి గోడకు ఆనించిన అలమరలో పెట్టుకున్నాడు. రెండో వేసవికే "బావా, కరెంటు పోయిందో లేదో ఇది కుయ్యోమంటోంది" అని ఫోన్. తెరిచి చూస్తే పక్కలు ఉబ్బి, పెట్టెలో ఇరుక్కుని బయటికి రానంది. బెంగళూరు చల్లదనం నాకు కలిసొచ్చిందే తప్ప నా గొప్పేమీ లేదు. ఉబ్బుడుకు ఇంకో కారణం ఛార్జరు. ఛార్జ్ నిండాక బ్యాటరీ మీద 13.5 నుంచి 13.8 వోల్టులు ఉండాలి. ఎప్పుడూ 14 దాటి చూపిస్తుంటే ముందు యూపీఎస్ బాగు చేయించండి, లేకపోతే కొత్త బ్యాటరీకీ అదే గతి.

పాతది నిజంగా పోయిందా లేదా అన్నది లోడ్ లేకుండా కొలిస్తే తెలియదు. మీటరు 12.7 చూపిస్తుంది, లోడ్ పడగానే కుప్పకూలుతుంది. కారు హెడ్‌లైటు బల్బు, 55 వాట్లది, తగిలించి మీటరు చూడండి. సుమారు ఐదు ఆంపియర్లు లాగుతుంది. రెండుమూడు నిమిషాల్లోనే 11 వోల్టుల కిందికి జారితే మార్చాల్సిందే. బల్బు బాగా కాలుతుంది, పిల్లలుంటే దూరంగా ఉంచండి. రెండు బ్యాటరీల యూపీఎస్ అయితే రెండూ ఒకేసారి, ఒకే తేదీవి మార్చాలి. పాతదీ కొత్తదీ జత కడితే పాతది కొత్తదాన్నీ లాగేస్తుంది.

ఇప్పుడు అదే సైజులో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకులు అమ్ముతున్నారు. బరువు తక్కువ, ఆయుష్షు ఎక్కువ, నిజమే. కానీ చిన్న ప్యాకుల్లో ఉండే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) పది ఆంపియర్లకే కట్ చేసేదైతే, నా లోడుకు కరెంటు పోయిన క్షణమే కంప్యూటరూ ఆరిపోతుంది. కొనేముందు ఎన్ని ఆంపియర్లు ఆపకుండా ఇస్తుందో అడగండి. ఒక్క రౌటర్ కోసమైతే నేనూ అదే కొంటాను.

పాత బ్యాటరీని చెత్తలో వేయకండి. షాపుకు తీసుకెళ్తే సీసం ధరను బట్టి కొంత తగ్గిస్తారు. తగ్గించకపోయినా అక్కడే ఇచ్చి రండి, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. వచ్చేముందు బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు రాయించుకోండి, లేకపోతే వారంటీ అడిగినప్పుడు షాపువాడితో వాదన తప్పదు.