కురుసుర ఒక్కటే చూసి వచ్చేయకండి, ఎదురుగా టీయూ-142 కూడా చూడండి (ఆర్కే బీచ్, వైజాగ్)

వైజాగ్ వచ్చినవాళ్లు చాలామంది కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి ఫొటోలు దిగి ఇంక బీచ్‌లోకి వెళ్లిపోతారు, రోడ్డు దాటితే టీయూ-142 విమానం ఉందిగా, అది అసలు సబ్‌మెరైన్లని వెతకడానికి కొన్నది, రెండూ ఒకే సాయంత్రం చూస్తేనే కథ పూర్తవుతుంది.

కురుసుర 1969లో నేవీలో చేరి 2001లో రిటైర్ అయింది, 91 మీటర్ల పొడవు. లోపల చూపించేది రిటైర్డ్ నేవీ వాళ్లే, వాళ్లని వదలొద్దు. పైన శత్రువు షిప్ సోనార్ (శబ్దం పంపి నీళ్ల కింద ఏముందో కనిపెట్టే పరికరం) వేస్తుంటే లోపల ఏం చేసేవాళ్లండీ అని అడగండి. ఇది డీజిల్ బోటు కదా, మునిగాక బ్యాటరీల మీదే నడవాలి, అవి అయిపోతే ఛార్జింగ్‌కి పైకి రావాలి లేదా గాలి గొట్టమైనా నీళ్ల పైకి పెట్టాలి, వేటాడే షిప్ ఆ టైం కోసమే కాచుకుని ఉంటుంది. అలాగని షిప్ పని తేలికేం కాదు. మన సముద్రంలో పైన నీళ్లు వేడి, కింద చల్లన, ఆ తేడాకి సోనార్ శబ్దం వంగిపోతుంది, సబ్‌మెరైన్ ఆ పొర కింద నక్కుతుంది. డెప్త్ చార్జి (నీళ్లలో లోతుకి వెళ్లి పేలే బాంబు) వెయ్యాలంటే దాని నెత్తి మీదకి వెళ్లాలి, సరిగ్గా అప్పుడే సోనార్‌కి అది దొరకదు. అందుకే తర్వాత దూరం నుంచే బాంబుల్ని ముందుకి విసిరే మోర్టార్లు వచ్చాయి.

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు మన షిప్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మన హార్బర్ నుంచి బయటికొస్తూ డెప్త్ చార్జీలు వేసింది, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది వాటివల్లే అని మన నేవీ చెప్తుంది, పాకిస్తాన్ ఒప్పుకోదు. ఈ కథ ఊళ్లో అందరికీ తెలుసు. అదే యుద్ధంలో పోయిన మన యుద్ధనౌక ఖుక్రీ సంగతి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు, నాకు అదే బాధ. సబ్‌మెరైన్లని వేటాడే ఫ్రిగేటే అది, డిసెంబరు 9న దీవ్ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ హాంగర్‌ని వెతకడానికి వెళ్లి దాని టార్పెడోకే మునిగిపోయింది, 18 మంది ఆఫీసర్లు 176 మంది సైలర్లు పోయారు, దాని కెప్టెన్ ముల్లా షిప్ వదల్లేదు. పిల్లల్ని తీసుకెళ్తే ఘాజీతో పాటు ఇది కూడా చెప్పండి దయచేసి.

టీయూ-142 దగ్గర నాకు బాగా నచ్చింది సోనోబోయ్‌లు. పైనుంచి నీళ్లలోకి వదిలితే అవి కింద శబ్దం విని రేడియోలో విమానానికి పంపిస్తాయి, షిప్ రోజులు తిరిగి వెతికే చోటు గంటల్లో చూసేయొచ్చు. 29 ఏళ్లు సర్వీసు చేసి 2017లో రిటైర్ అయింది. ఒక్కో ఇంజన్‌కి ఎదురెదురు తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు ఉంటాయి, అవి దగ్గర్నుంచి చూడాల్సిందే.

కురుసుర లోపల గుండ్రటి గుమ్మాల్లోంచి వంగి దూరాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం, ఉక్క కూడా ఎక్కువే. సోమవారం సెలవు. ఆదివారం సాయంత్రం జనం తోసేస్తారు, గైడ్‌తో మాట్లాడే వీలుండదు, మామూలు రోజు మధ్యాహ్నం తెరవగానే వెళ్లండి. నా వరకు ఐదుకి ఐదు.