మేనరికం టెస్టుల ప్యాకేజీ: ఏది పనికొస్తుంది, ఏది దండగ

పెళ్లిళ్ల సీజన్ వస్తే గోదావరి జిల్లాల టౌన్లలో కొన్ని ల్యాబులు "మేనరికం ప్యాకేజీ" అని ఒకటి అమ్ముతాయి. ల్యాబుని బట్టి పేరూ రేటూ మారతాయి గానీ లోపలి సరుకు ఇంచుమించు ఒకటే: బ్లడ్ గ్రూపు, సీబీసీ (రక్తకణాల లెక్క), షుగరు, థైరాయిడ్, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, వీటి పైన "జన్యు పరీక్ష" పేరుతో ఇద్దరికీ కార్యోటైపింగ్, అంటే క్రోమోజోముల పరీక్ష. హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ కొన్నిట్లో ఉంటుంది, కొన్నిట్లో అడిగితే కలుపుతారు. బిల్లులో పెద్ద వాటా కార్యోటైపింగ్‌ది. మేనరికం వల్ల వచ్చే భయానికి అక్కరకు రానిదీ అదే.

కార్యోటైపింగ్‌కి ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులో రక్తం తీస్తారు. తెల్లకణాల్ని దాదాపు 72 గంటలు పెంచి, విభజన మధ్యలో ఆపి, 46 క్రోమోజోములూ మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. క్రోమోజోము ఎక్కువైనా, తక్కువైనా, పెద్ద ముక్క విరిగి ఇంకోచోట అతుక్కున్నా తెలుస్తుంది. రెండు మూడుసార్లు గర్భం నిలవని జంటకి, ఇంట్లో డౌన్ సిండ్రోమ్ బిడ్డ ఉండి ఆ బిడ్డ రిపోర్టులో ట్రాన్స్‌లొకేషన్ (ఇలా ముక్క ఇంకోచోట అతుక్కోవడం) అని తేలినప్పుడు ఇది తప్పక చేయించాలి. మేనరికంలో వచ్చే చిక్కు వేరు. అక్కడ క్రోమోజోములన్నీ నిక్షేపంగా ఉంటాయి, తేడా ఒక్క జన్యువులో, ఒక్కోసారి ఒకే ఒక్క అక్షరంలో ఉంటుంది. మైక్రోస్కోపుకి అది ఆనదు. కాబట్టి "46,ఎక్స్‌వై, నార్మల్" అన్న కాగితం చూసి ఇక భయం లేదనుకుంటే అది ల్యాబు వాళ్లు అంటగట్టిన ధీమా.

లెక్క ఇలా ఉంటుంది. తాతగారిలో ఒక లోపమున్న జన్యువు దాగి ఉందనుకుందాం. జతలో రెండోది బాగుంది కనుక ఆయనకి ఏ జబ్బూ లేదు. అది కొడుకుకో కూతురికో దిగే అవకాశం సగం, మనవడికో మనవరాలికో దిగే అవకాశం పావు. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లి చేసుకుంటే ఇద్దరి దగ్గరా అదే జన్యువు ఉండే అవకాశం పదహారులో ఒకటి. ఇద్దరి నుంచీ అది బిడ్డకి చేరి జబ్బు రావడం అరవై నాలుగులో ఒకటి. అక్క కూతుర్ని చేసుకుంటే ఇది ముప్పై రెండులో ఒకటి అవుతుంది, అంటే రెట్టింపు. ఈ రెండు సంబంధాలకీ ప్యాకేజీ కరపత్రంలో ఒకే మాట రాసి ఉంటుంది, అది సరికాదు. ఇంకో పక్క "గోత్రాలు వేరు, ఇంటిపేర్లు వేరు, ఇంకేంటండీ" అనేవాళ్లూ ఉన్నారు. గోత్రం తండ్రి వైపు వరసనే పట్టుకుంటుంది. మేనమామ కూతురితో గోత్రం కలవకపోయినా జన్యువులు ఎనిమిదో వంతు కలుస్తాయి, అక్క కూతురితో నాలుగో వంతు.

అలాగని హడలిపోనక్కర్లేదు. బయటి సంబంధాల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పుట్టులోపంతో పుడతారు. మేనత్త మేనమామ పిల్లల పెళ్లిళ్లలో అది సుమారు ఐదారు అవుతుంది. మిగతా తొంభై నాలుగు మందీ మామూలు పిల్లలే.

ఇక ప్యాకేజీలో నిజంగా డబ్బు పెట్టాల్సింది సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ. ఈ రెండిటితో బీటా తలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుల వాహకులు, అంటే తాతగారిలా లోపమున్న జన్యువు ఒక్కటే దాచుకున్నవాళ్లు, దొరుకుతారు. మేనరికమైనా కాకపోయినా పెళ్లికి ముందు చేయించదగ్గవి ఇవే. లావెండర్ మూత ఈడీటీఏ ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం చాలు, పరగడుపున వెళ్లక్కర్లేదు. తీసిన వెంటనే ట్యూబుని ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, లేకపోతే గడ్డకట్టి లెక్క తప్పుతుంది. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఆగాలి, అప్పుడు టెస్టులో కనిపించేది దాత హిమోగ్లోబిన్ కూడా.

రిపోర్టు చూడ్డం కష్టమేం కాదు. హిమోగ్లోబిన్ 11.2, ఎర్రకణాలు 5.9 మిలియన్లు, ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 63, ఎంసీహెచ్ (ఒక్కో కణంలో ఉండే హిమోగ్లోబిన్) 19 ఉందనుకోండి. ఎంసీవీ 80 లోపు, ఎంసీహెచ్ 27 లోపు ఉంటే అనుమానించాలి. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 10.7 వచ్చింది. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా వైపు మొగ్గు. అదే హిమోగ్లోబిన్ 9.4, కణాలు 4.1, ఎంసీవీ 72 అయితే భాగహారం 17 దాటుతుంది, అది చాలావరకు ఐరన్ తక్కువే. ఈ భాగహారం దారి చూపుతుందంతే, తేల్చేది హెచ్‌పీఎల్‌సీలోని హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం శాతం. అది 4 శాతం దాటి, కణాలు చిన్నవిగా ఉంటే వాహకులే. 3.5కి, 4కి మధ్యన ఉంటే ఇంకా తేలనట్టు. సికిల్ అయితే గ్రాఫులో ఎస్ అనే శిఖరం విడిగా లేస్తుంది.

తప్పులు జరిగేదీ ఇక్కడే. మొదటిది, శాంపిల్ ప్రయాణం. చిన్న టౌన్ల కలెక్షన్ సెంటర్లు రక్తం తీసి రాత్రి బండికి విజయవాడో హైదరాబాదో పంపిస్తాయి. చల్లదనం లేకుండా ఒక రోజు దాటితే ఎర్రకణాలు ఉబ్బి ఎంసీవీ పెరుగుతుంది. 77 ఉన్నది 82గా వచ్చి "నార్మల్" అనిపించుకుంటుంది. అందుకని సీబీసీ ఉన్న ఊళ్లోనే, అదే రోజు నడపమనాలి. హెచ్‌పీఎల్‌సీ శాంపిల్ ఐస్ ప్యాకులో వెళ్తే ఇబ్బంది లేదు. రెండోది, ఐరన్ లోపం. అది బాగా ఉంటే ఏ2 కిందికి దిగి వాహకుల్ని దాచేస్తుంది. అంచున పడ్డ ఫలితం వస్తే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూసి, తక్కువైతే మూడు నెలలు ఐరన్ వాడి మళ్లీ చేయించాలి. ముహూర్తానికి వారం ముందు పరుగెత్తేవాళ్లకి ఆ మూడు నెలలు ఎక్కడివి? తాంబూలాలకి ముందే చేయించుకోవడం మేలు. మూడోది, ఆల్ఫా తలసీమియా. అందులో ఏ2 మామూలుగానే ఉంటుంది, కావాలంటే డీఎన్‌ఏ పరీక్షే.

ఒకరికే చేయించే స్తోమత ఉంటే అబ్బాయికి చేయించండి. నెలసరి లేదు కనుక ఐరన్ లోపం గొడవ తక్కువ, ఫలితం సూటిగా వస్తుంది. పైగా అమ్మాయి మీద "రక్తంలో లోపం" అన్న ముద్ర పడదు. డెల్టా పెళ్లి బేరాల్లో ఆ ముద్ర ఎంత దూరం వెళ్తుందో చెప్పక్కర్లేదు.

బ్లడ్ గ్రూపు గురించి ఒక్క మాట. ఇద్దరిదీ ఒకే గ్రూపైతే పిల్లలకి జబ్బులొస్తాయన్నది ఉత్త మాట. చూడాల్సింది అమ్మాయి ఆర్‌హెచ్ నెగెటివ్, అబ్బాయి పాజిటివ్ అయినప్పుడే. దానికీ సంబంధం మానుకోనక్కర్లేదు. 28వ వారంలో ఒక యాంటీ-డి ఇంజెక్షన్, పాజిటివ్ బిడ్డ పుడితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి.

ఖరీదైన రకం ప్యాకేజీల్లో వందల జన్యువుల్ని ఒకేసారి చదివే క్యారియర్ స్క్రీనింగ్ కూడా వచ్చింది. అక్క కూతురి సంబంధాలకి, కుటుంబంలో కారణం తేలకుండా పిల్లలు పోయినవాళ్లకి ఇది అర్థమున్న ఖర్చు. అయితే ఇద్దరిదీ ఒకే ల్యాబులో చేయించి, ఒకే జన్యువులో ఇద్దరికీ తేడా ఉందా అని చూడాలి. విడివిడిగా చూస్తే ప్రతివాళ్లకీ ఏదో ఒకటి బయటపడుతుంది, అందుకు బెంబేలెత్తితే ఎలా? ఇంట్లో పుట్టు చెవుడుతోనో బుద్ధిమాంద్యంతోనో బిడ్డ ఉంటే ముందు ఆ బిడ్డకి చేయించండి. అక్కడ లోపం ఏ జన్యువులోదో తెలిస్తే పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ దానొక్కదాన్ని వెతికితే సరిపోతుంది.

ప్యాకేజీల్లో నాకు దొరకని వస్తువు కౌన్సెలింగ్. "డాక్టర్ కన్సల్టేషన్ ఉచితం" అంటే రిపోర్టులో ఎర్ర అంకెలు చదివి చెప్పడమే. అసలైన కౌన్సెలింగ్‌లో మూడు తరాల వంశవృక్షం గీస్తారు, అరగంట పడుతుంది. ఎవరి పిల్లలు ఏ వయసులో పోయారు, ఎవరికి గర్భాలు నిలవలేదు, ఫిట్స్, చెవుడు, మాటిమాటికీ రక్తం ఎక్కించడం ఎవరికి అని ఒక్కొక్కటీ అడుగుతారు. ఈ వివరాలు అమ్మమ్మల దగ్గరే ఉంటాయి, ముందే కాగితం మీద రాసుకెళ్తే సగం పని అయినట్టే. హైదరాబాదులో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం ఈ పని చేస్తుంది.

ఇద్దరూ బీటా వాహకులని తేలినా పెళ్లి చెడగొట్టుకోనక్కర్లేదు. వాళ్లిద్దరూ ఆరోగ్యవంతులే. ప్రతి గర్భంలోనూ బిడ్డకి తలసీమియా మేజర్ వచ్చే అవకాశం పావు వంతు. వస్తే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అందుకని గర్భం రాకముందే ఇద్దరి మ్యుటేషన్ (జన్యువులోని కచ్చితమైన తేడా) డీఎన్‌ఏ పరీక్షలో పట్టుకోవాలి. మన దేశంలో ఎక్కువగా కనిపించే మ్యుటేషన్ పేరు ఐవీఎస్ 1-5. ఆ వివరం చేతిలో ఉంటే 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి బిడ్డ సంగతి తెలుసుకోవచ్చు. లింగ నిర్ధారణ మీద ఉన్న 1994 చట్టం దీన్ని ఒప్పుకుంటుంది, ఆడో మగో చెప్పడాన్ని ఒప్పుకోదు.

రంపచోడవరం, చింతూరు వైపు గిరిజన కుటుంబాలకి సికిల్ సెల్ పరీక్ష 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద ఉచితం, దానికి ల్యాబులో డబ్బు కట్టొద్దు. ఆ మొదటి పరీక్ష సాల్యుబిలిటీ అనే సులువు రకందైతే వాహకులో రోగులో తేల్చదు, పాజిటివ్ వస్తే హెచ్‌పీఎల్‌సీ అడగాలి.

కౌంటర్లో ప్యాకేజీ పేరు ఎత్తకుండా "సీబీసీ ఇక్కడే ఈరోజే, హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ, గ్రాఫు పేజీతో సహా కావాలి" అనండి. విడిగా ఇవ్వం, ప్యాకేజీగానే తీసుకోవాలంటే ఇంకో ల్యాబు చూసుకోండి.