దించే చోటు చెప్పని టికెట్టు

రాత్రి రెండుంపావు. క్లీనరు పరదా పక్కకు లాగి, "కర్నూలు సార్, కర్నూలు" అని భుజం తట్టి లేపాడు. కళ్ళు నులుముకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ దిగేసరికి మేమున్నది ఊరు కాదు, బైపాస్. ఒక పక్క లారీల వరుస, ఇంకో పక్క చీకటి. పెళ్ళి చీరల సంచులు నాలుగు, సూట్‌కేసులు రెండు, మధ్యలో మా ఆవిడ. "బస్టాండ్ దగ్గర దించుతామన్నారు కదయ్యా" అంటే, "బండి ఊళ్ళోకి రాదు సార్, ఆటోలుంటాయి" అన్నాడు. ఆటో ఒకటే ఉంది. ఆ సమయంలో ఆటో ఒకటే ఉంటే దాని ధర ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

హైదరాబాదులో బట్టలు కొనుక్కుని వస్తూ, పడుకుని హాయిగా రావచ్చని నేనే ముచ్చటపడి ఏసీ స్లీపర్ టికెట్లు తీశాను. ఏ బెర్తు కావాలి, పైదా కిందిదా, కిటికీ వైపా అని టికెట్టు కొనేటప్పుడు అన్నీ అడిగారు. దుప్పటి ఇచ్చారు, నీళ్ళ సీసా ఇచ్చారు. ఎక్కడ దించుతారన్నది మాత్రం టికెట్టు మీద 'కర్నూలు' అన్న ఒక్క మాటే. హైదరాబాదు నుంచి కర్నూలుకు 200 కిలోమీటర్ల పైచిలుకు. నిద్ర పట్టేసరికి గంట, లేపడానికి ముందు "వచ్చేస్తోందేమో" అన్న బెంగతో గంట. పడుకున్న డబ్బుకు పడుకున్నది రెండు గంటలు.

ఇందులో ఒక కిటుకు ఉంది. హైదరాబాదు, బెంగళూరు మధ్య తిరిగే రాత్రి బస్సుల వేళలు ఆ రెండు ఊళ్ళ వాళ్ళ కోసం వేసినవి. ఒక ఊళ్ళో పదింటికి ఎక్కి, రెండో ఊళ్ళో తెల్లవారాక దిగాలి. నడుమ ఉన్న మనకు కర్నూలు అర్ధరాత్రి దాటాక వస్తుంది, అనంతపురం కోడి కూయకముందు వస్తుంది. కొన్ని బస్సుల్లో మధ్యలో దిగినా చివరిదాకా టికెట్టు కొనాల్సిందే. 44వ నంబరు జాతీయ రహదారి మన ఇంటి పక్కనే పోతుందని సంబరపడతాం కానీ, దాని మీద పరుగెత్తే బస్సులకు మన ఊరు దారిలో తగిలే ఒక వంతెన. అందుకే ఏసీ ఉందా, బెర్తు మెత్తగా ఉందా అన్నవి నేను ఇప్పుడు రెండో వరసలో అడుగుతున్నాను. ఏ వేళకు, ఏ చోట దించుతారన్నదే మొదటి ప్రశ్న.

ఆ రాత్రి దెబ్బకు, పెళ్ళి పత్రికలు పంచడానికి అనంతపురం, కడప తిరిగి రావాలన్నప్పుడు పగటి బస్సే అని ఒట్టు పెట్టుకున్నాం. ఏ బస్సు అన్న దగ్గర మళ్ళీ తగాదా. నాకు సూపర్ లగ్జరీ కావాలి, వెనక్కి వాలే సీటు, తక్కువ ఆగుళ్ళు. ఆవిడకు ఎక్స్‌ప్రెస్ కావాలి. కారణం స్త్రీశక్తి, మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. సూపర్ లగ్జరీ ఆ లెక్కలోకి రాదు. "ఊరికే వచ్చేదాన్ని వదులుకుని, వాలే సీటుకు డబ్బులు పోస్తారా? ఇంట్లో పెళ్ళి పెట్టుకుని!" అంది. పెళ్ళి మాట ఎత్తాక మగవాడికి వాదన ఉండదు.

కర్నూలు కొత్త బస్టాండ్‌లో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని అనంతపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఉగ్గాని గురించి తెలియని కోస్తా వాళ్ళకు ఒక మాట: బొరుగులు నీళ్ళలో తడిపి, ఆ నీళ్ళు పిండేసి, తాళింపు పెట్టి, పుట్నాల పొడి కలిపేది. బస్సు ప్రయాణానికి దీనికి మించిన పలహారం లేదు. కడుపు నిండుతుంది, కానీ బరువుగా ఉండదు. బజ్జీ సంగతి వేరు, దానికి పూచీ నాది కాదు.

కండక్టరు వచ్చాడు. ఆవిడ ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. నేను డబ్బులిచ్చి నా టికెట్టు తీసుకున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే కొంచెం బాధించింది. బస్సు నిండా ఆడవాళ్ళే. బనగానపల్లెకు ఆసుపత్రి పని మీద పోతూ డోన్‌లో బస్సు మారాల్సిన ఒకామె, పరీక్ష ఫీజు కట్టడానికి పోతున్న ఇద్దరు అమ్మాయిలు, గుత్తిలో కూతురిని చూడబోతున్న ఒక ముసలామె. "ఇంతకుముందు నెలకోసారి పోయేదాన్ని, ఇప్పుడు వారం వారం పోతున్నా. అల్లుడే విసుక్కుంటున్నాడు" అని ఆ పెద్దామె నవ్వింది. కాలు చాపుకునే చోటు లేదన్నది నిజమే. ఎక్స్‌ప్రెస్ ఎక్కాలనుకునే మగవాళ్ళు పొద్దున్న మొదటి బస్సులు చూసుకుంటే సీటు దొరుకుతుంది.

ఊరు దాటి కొంచెం దూరం పోయాక బస్సులో మాటలు తగ్గాయి. చిన్నటేకూరు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ఒక ప్రైవేటు స్లీపర్ బస్సు, రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును ఈడ్చుకుపోయి మంటల్లో చిక్కుకున్నది ఇక్కడే. 19 మంది ప్రయాణికులు నిద్రలోనే, లేదా నిద్ర లేచిన గందరగోళంలో కాలిపోయారు. 2013 అక్టోబరు 30న ఇదే రహదారి మీద, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మంది అలాగే పోయారు. ఆవిడ కిటికీ వైపు చూస్తూ చేతులు జోడించింది. బస్సులో ఇంకా కొందరు అదే చేశారు. మొన్న మేమెక్కిన స్లీపర్‌లో అత్యవసర ద్వారం ఎక్కడుందో నేను చూసుకోలేదు. అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందని అడిగితే క్లీనరు నవ్వి, "ఉంటుంది సార్" అన్నాడు. ఉంటుందన్నాడు కానీ చూపించలేదు. ఇకమీదట రాత్రి బస్సు ఎక్కాల్సి వస్తే ఆ రెండూ కంటితో చూశాకే పరదా వేసుకుంటాను. వాడు నవ్వితే నవ్వనీ.

డోన్, ప్యాపిలి దాటాక గుత్తి కోట కనిపిస్తుంది. కొండ మీద కొండలా కట్టిన కోట. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు ఈ గుత్తిలోనే పూడ్చారు, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. ఈ సంగతి ఆవిడకు చెప్పబోయాను, పామిడి రాగానే మాట తెగిపోయింది. పామిడిలో బట్టలు చవకని ఆవిడకు ఎవరో చెప్పారు. హైదరాబాదులో కొన్న నాలుగు సంచులు ఇంట్లో ఉండగానే ఇక్కడ దిగుదామని లేచింది. పత్రికలు పంచాలని గుర్తు చేసి కూర్చోబెట్టాను. పెన్న వంతెన వచ్చేదాకా ఆమె ముఖం తిప్పుకునే ఉంది.

అనంతపురానికి మూడున్నర గంటలు పట్టింది. బస్టాండ్‌లో దిగితే టవర్ క్లాక్ ఎంతో దూరం కాదు, ఆటోలు మీటరు మాట ఎత్తకపోయినా అందుబాటులోనే అడిగారు. బస చుట్టాలింట్లో కాబట్టి లాడ్జీల సంగతి చెప్పలేను. భోజనం సంగతి చెప్పగలను. మా కర్నూలులో భక్ష్యాలు అనేవాటిని, అంటే బొబ్బట్లను, వీళ్ళు ఓళిగలు అంటారు, నేయి పోసి పెడతారు. మూడు తిన్నాను. నాలుగోది మా వదిన పెట్టింది కాబట్టి లెక్కలోకి రాదు.

మర్నాడు కడపకు. ఇక్కడ ఒక జాగ్రత్త. అనంతపురం నుంచి కడపకు ఒకటే దారి కాదు. తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా ఒకటి, కదిరి, పులివెందుల వైపు నుంచి ఇంకొకటి. బోర్డు మీద 'కడప' అని మాత్రమే చూసి ఎక్కకండి, ఏ దారిన పోతుందో కండక్టరును అడగండి. మేము తాడిపత్రి దారిన పోయే బస్సు ఎక్కాం. ఈసారి దొరికింది సూపర్ లగ్జరీ, రెండు టికెట్లూ కొన్నాను. సీటు వెనక్కి వాల్చి ఆవిడ వైపు చూశాను. ఆవిడ వాల్చలేదు, నిటారుగానే కూర్చుంది. డబ్బులు పెట్టిన సీటును వాడుకోకపోవడం కూడా ఒక రకం నిరసనే.

బుక్కరాయసముద్రం దాటాక దారంతా ఎర్రనేల, వేరుశనగ పీకేసిన చేలు. తాడిపత్రి చేరేసరికి నాపరాళ్ళు, గ్రానైటు పలకలు రోడ్డుకు రెండు వైపులా నిలబెట్టి ఉంటాయి, గాలిలో తెల్లటి పొడి. కిటికీ మూసుకోవడం మేలు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఇక్కడే. శిల్పాల కోసం ఒక పూట కేటాయించవచ్చు. దిగి, చూసి, వెనక వచ్చే బస్సు పట్టుకోవచ్చు కూడా. అది మాకు కుదరలేదు, ఆ లోటు ఇప్పటికీ ఉంది.

కడపలో దిగాక మొదటి పని కార్గో కౌంటరు. చీరలు, పసుపు కుంకుమ సామాను ఉన్న అట్టపెట్టెను రెండు రోజుల ముందే కర్నూలు బస్టాండ్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాం. కడప బస్టాండ్‌లో రసీదు చూపించగానే పెట్టె చేతికిచ్చారు. పెట్టె మూల కూడా నలగలేదు. సామాను వెంటేసుకుని బస్సు పైకెక్కించి, దిగేటప్పుడు లెక్కపెట్టుకునే అవస్థ తప్పింది. బైపాస్ అనుభవం తర్వాత ఇది నాకు పెద్ద సుఖంగా అనిపించింది.

బస బస్టాండ్‌కు నడిచిపోయేంత దగ్గర్లో ఒక లాడ్జీలో. పేరు చెప్పను, చెప్పేంత గొప్పదీ కాదు, తిట్టేంత చెడ్డదీ కాదు. గది 1200 రూపాయలు. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే అని గోడ మీద రాశారు, ఏడున్నరకే ఆగిపోయాయి. అడిగితే, "అందరూ ఒకేసారి పోసుకున్నారు సార్" అని సమాధానం. స్నానం మానేసి ఉంటే బాగుండేదన్నట్టు. కానీ అక్కడ ఒక మేలు ఉంది: ఇరవై నాలుగు గంటల పద్ధతి. మనం నాలుగింటికి దిగితే మర్నాడు నాలుగు దాకా గది మనదే. పన్నెండింటికి ఖాళీ చేయమనే పెద్ద హోటళ్ళలో సామాను ఎక్కడ పెట్టాలో తెలియక తిరగాలి. పగటి బస్సులో వచ్చి మర్నాటి మధ్యాహ్నం బస్సులో పోయేవాళ్ళు గది తీసుకునే ముందు ఈ మాట అడగండి.

కడపలో కారం దోసె తినకుండా ఎవరూ రారు కాబట్టి దాని గురించి రాయడం దండగ. అయినా రాస్తాను. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, వెన్న వేసి మడిచిన దోసె. కళ్ళలో నీళ్ళు తెప్పించి మరీ ఇంకొకటి చెప్పిస్తుంది. దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరుడికి ఈ ఊళ్ళో మొదటి పత్రిక పెట్టాం. తిరుమలకు తొలి గడప అంటారు దీన్ని. ఉగాది రోజున ముస్లిములు కూడా ఇక్కడికి వచ్చి దండం పెట్టుకుని వెళ్తారు. సాయంత్రం పెద్ద దర్గాకు వెళ్ళి కాసేపు కూర్చున్నాం.

మర్నాడు మధ్యాహ్నం కర్నూలు ఎక్స్‌ప్రెస్. ఆవిడ ఆధార్ కార్డు బస్టాండ్‌లోకి రాకముందే చేతిలో ఉంది. ఇది నాలుగున్నర నుంచి అయిదు గంటల ప్రయాణం. రైలు దారి చుట్టుతిరుగుడు కాబట్టి ఈ రెండు ఊళ్ళ మధ్య మాకు బస్సే నయం. ఈ బస్సు మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, ప్రతి బస్టాండ్‌లోకీ పోయి వస్తుంది. రహదారి నాలుగు వరుసలు ఉండగా ఈ ఊళ్ళలోకి దూరి తిరగడమేమిటని ఇదివరకు చిరాకుపడేవాణ్ణి. ఈసారి ప్రతి బస్టాండ్‌లోనూ దిగేవాళ్ళను చూశాను. వెలుతురులో దిగుతున్నారు, మూత్రశాల ఉంది, టీ కొట్టు ఉంది, తీసుకుపోవడానికి వచ్చిన కొడుకో అల్లుడో బండి స్టార్ట్ చేసి ఉన్నాడు. ఆ ఇరవై నిమిషాలు ఎవరి కోసమో తెలిసింది. నంద్యాలలో ట్రాఫిక్ మాత్రం ఎవరి కోసమో తెలియలేదు.

ఈ దారికి తోడుగా అక్కడక్కడ కర్నూలు-కడప కాలువ కనిపిస్తుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా వచ్చే ఈ కాలువను పంతొమ్మిదో శతాబ్దంలో సాగుకే కాక పడవల రాకపోకల కోసం కూడా తవ్వారు. అంటే ఒకప్పుడు కర్నూలు నుంచి కడపకు పడవలో పోవచ్చన్న మాట. ఆ పడవ ఎన్ని రోజులు పట్టేదో, ఎక్కడ దించేదో! ఆళ్లగడ్డ దాటేటప్పుడు రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు, సగం చెక్కిన వినాయకులు. ఒక నంది విగ్రహానికి ముఖం ఇంకా రాలేదు, వీపు మాత్రం నున్నగా మెరుస్తోంది.

పాణ్యం దాటాక చీకటి పడింది. ఆవిడ సంచి తీసి మిగిలిన పత్రికలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఒక దాని దగ్గర ఆగిపోయింది. నంద్యాలలో ఉన్న మా బావగారి పత్రిక. గంట క్రితం వాళ్ళ బస్టాండ్‌లో పదిహేను నిమిషాలు ఆగి ఉన్నాం.

"ఇప్పుడేం చేస్తాం?" అన్నాను.

"రేపు పొద్దున్న ఎక్స్‌ప్రెస్‌లో నేనొక్కదాన్నే పోయి ఇచ్చి వస్తానండీ. మీరొస్తే టికెట్టు డబ్బులు కదా" అంది.