జాగ్రత్త: కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారే ముందు దాని ఫైల్ మేనేజర్‌ని వాడి చూడండి

కంప్యూటర్ మార్చే ఆలోచనలో ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా ఇన్నాళ్ళూ అలవాటైన ఆపరేటింగ్ సిస్టమ్‌ని వదిలి ఇంకోదానికి వెళ్దామనుకునేవాళ్ళకి ఈ హెచ్చరిక. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది అని అందరూ అడుగుతారు. రివ్యూల నిండా అవే ఉంటాయి. రోజంతా మన చెయ్యి పడేది మాత్రం ఫోల్డర్ల మీద. ఫైల్ వెతకడం, పేరు మార్చడం, ఇక్కడినుంచి అక్కడికి జరపడం, పాతవి తీసేయడం. ఇవన్నీ చేసిపెట్టే ప్రోగ్రామే ఫైల్ మేనేజర్. ఈ పనులు కొత్త సిస్టమ్‌లో ఎలా సాగుతాయో ఏ రివ్యూలోనూ నాలుగు ముక్కలు కనబడవు. దెబ్బ తగిలేది అక్కడే.

నాకు దెబ్బ తగిలిన సిస్టమ్ పేరు రాయను. పేరు రాస్తే కింద అభిమానుల గొడవ మొదలై అసలు సంగతి పక్కకి పోతుంది. పైగా అన్నింటిలోనూ ఏదో ఒక మెలిక ఉంది, ఒకదాన్ని తిట్టి ఇంకోదాన్ని మోయాల్సిన పని లేదు.

జరిగిందేమిటంటే, నా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో 'స్కాన్లు' అని ఒక ఫోల్డర్ ఉండేది. పాత ఉత్తరాలు, సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు ఏళ్ళ తరబడి స్కాన్ చేసి పెట్టుకున్నవన్నీ అందులోనే. కొత్త కంప్యూటర్లో ఈమధ్య చేసిన కొన్ని స్కాన్లు కూడా అదే పేరున్న ఫోల్డర్లో పెట్టాను. వాటిని పాతవాటితో కలపాలని ఫోల్డర్‌ని లాగి డ్రైవ్‌లో వదిలాను. ఒక చిన్న పెట్టె వచ్చింది. ఈ పేరుతో ఒకటి ఇప్పటికే ఉంది, రీప్లేస్ చేయమంటారా అని ప్రశ్న. కింద రెండు బటన్లు: ఆపు, రీప్లేస్. అంతే. పాత ఫోల్డర్లో ఎన్ని ఫైళ్ళున్నాయి, కొత్తదాంట్లో ఎన్ని, దేని సైజు ఎంత, ఏదీ చెప్పలేదు.

విండోస్‌లో ఇదే పని చేస్తే రెండు ఫోల్డర్లూ కలిసిపోతాయి. లోపల ఒకే పేరున్న ఫైళ్ళు తగిలితే వాటి గురించి మాత్రం విడిగా అడుగుతుంది. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌తో వచ్చే 'ఫైల్స్' అనే ఫైల్ మేనేజర్ అయితే ఫోల్డర్లని కలపమంటారా అని నేరుగానే అడుగుతుంది. ఈ సిస్టమ్‌లో రీప్లేస్ అంటే మాటకి మాట రీప్లేసే. ఇంటికి చుట్టాలొచ్చారని ఉన్నవాళ్ళని బయటికి గెంటినట్టు, పాత ఫోల్డర్ మొత్తాన్ని తుడిచేసి దాని చోట కొత్తది కూర్చుంది. ట్రాష్‌లో చూస్తే లేదు. అన్‌డూ కొడితే పలకలేదు. పాత కంప్యూటర్ ఇంకా ఇంట్లోనే ఉండబట్టి చాలావరకు తిరిగి వచ్చాయి. డ్రైవ్‌లోకే నేరుగా స్కాన్ చేసినవి మాత్రం రాలేదు.

సపోర్ట్‌కి రాస్తే వచ్చిన జవాబు: ఇది లోపం కాదు, డిజైనే అంత. కొన్నచోట అడిగితే, మెషీన్ బాగానే పనిచేస్తోంది కదా, వెనక్కి తీసుకోం అన్నారు. వాళ్ళ లెక్కలో వాళ్ళది నిజమే. స్క్రీన్ మీద గీత పడితే వారంటీ ఉంటుంది. బటన్ మీద మాట సరిగ్గా లేకపోతే ఏ వారంటీ కిందికీ రాదు. అందుకే ఇది కొన్నాక తేల్చుకునే వ్యవహారం కాదని చెప్తున్నాను.

ఈ అనుభవం తర్వాత కుదిరిన సిస్టమ్‌లన్నీ ముందేసుకుని చూశాను. కొనబోయేవాళ్ళు తెలుసుకోవాల్సినవి చాలానే దొరికాయి.

డిలీట్ సంగతి మొదట. పెన్ డ్రైవ్‌లో ఫైల్‌ని డిలీట్ చేస్తే విండోస్‌లో అది రీసైకిల్ బిన్‌కి వెళ్ళదు, నేరుగా పోతుంది. 'శాశ్వతంగా తీసేయమంటారా' అని అడుగుతుంది గానీ, అలవాటు కొద్దీ ఎంటర్ కొట్టే వేలికి ఆ ఒక్క మాట తేడా కనబడదు. మాక్‌లోనూ, లినక్స్ డెస్క్‌టాప్‌ల్లో చాలావాటిలోనూ దీనికి పూర్తిగా వ్యతిరేకం. డిలీట్ చేసినవి ఆ పెన్ డ్రైవ్‌లోనే కంటికి కనబడని ట్రాష్ ఫోల్డర్లో కూర్చుంటాయి. అన్నీ తీసేశాను, ఖాళీ ఎందుకు పెరగలేదు అని తల పట్టుకునేది దీనివల్లే. ట్రాష్ ఖాళీ చేస్తే గానీ ఆ చోటు తిరిగి రాదు. ఆ డ్రైవ్‌ని వేరేవాళ్ళకి ఇచ్చేస్తే, మీరు తీసేశాననుకున్నవి కూడా వాళ్ళకి వెళ్ళినట్టే.

తర్వాత డ్రైవ్ ఫార్మాట్, అంటే డ్రైవ్ మీద ఫైళ్ళని రాసిపెట్టుకునే పద్ధతి. విండోస్‌లో వాడిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫార్మాట్‌లో ఉంటే, మాక్‌కి పెట్టినప్పుడు ఫైళ్ళన్నీ చక్కగా కనబడతాయి, తెరుచుకుంటాయి కూడా. కొత్తది ఒక్కటి అందులో వేయబోతే కుదరదు. మాక్ ఎన్‌టీఎఫ్ఎస్‌ని చదవగలదు గానీ, మామూలుగా దాని మీద రాయలేదు. దీన్ని ఫైల్ మేనేజర్ నోరు తెరిచి చెప్తే బాగుండేది. పేస్ట్ ఆప్షన్ మసకబారి ఊరుకుంటుంది, ఎందుకో మనమే కనుక్కోవాలి. పాత పెన్ డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్32లో ఉంటాయి. వాటిలో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. 'చోటు చాలదు' అన్న ధోరణిలో మెసేజ్ వస్తే, డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉంది కదా అని మనం వెర్రిమొహం వేస్తాం. రెండు మూడు సిస్టమ్‌ల మధ్య తిరిగే డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. 2019లో వచ్చిన లినక్స్ కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) 5.4 నుంచి అక్కడ కూడా దానికి సపోర్ట్ ఉంది. ఫార్మాట్ మార్చడమంటే డ్రైవ్ మొత్తం తుడిచేయడమే కాబట్టి లోపలున్నవి ముందు వేరేచోటికి తీయాలి.

1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీ అని కనబడితే కంగారు పడకండి, ఎవరూ మోసం చేయలేదు. విండోస్ 1024తో భాగించి పక్కన జీబీ అని రాస్తుంది. మాక్ 2009 నుంచి 1000తోనే లెక్కేస్తోంది. ఒకే ఫోల్డర్‌కి రెండు కంప్యూటర్లలో రెండు సైజులు కనబడితే కాపీ సగంలో ఆగిందేమో అనుకోకుండా బైట్ల లెక్క చూసి పోల్చండి.

చేతి అలవాట్ల గోల ఇంకోటి. విండోస్‌లో ఫైల్ మీద ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. మాక్ ఫైల్ మేనేజర్ ఫైండర్‌లో ఎంటర్ కొడితే పేరు మార్చే పెట్టె తెరుచుకుంటుంది, ఫైల్ తెరవాలంటే కమాండ్ ఓ కొట్టాలి. కమాండ్ ఎక్స్‌తో ఫైళ్ళని కట్ చేయడం కూడా అక్కడ లేదు. మామూలుగా కాపీ కొట్టి, పేస్ట్ చేసేటప్పుడు ఆప్షన్ మీట కూడా కలిపి నొక్కితే ఫైల్ జరుగుతుంది. తెలిస్తే చిటికెలో పని. తెలియనివాళ్ళు కాపీ చేసి, పేస్ట్ చేసి, వెనక్కొచ్చి పాతది డిలీట్ చేస్తూ ఏళ్ళు గడిపేస్తారు.

విండోస్‌లో ఇన్నాళ్ళూ ఉన్నవాళ్ళకి కూడా మార్పు తప్పదు. 2021లో వచ్చిన విండోస్ 11లో రైట్ క్లిక్ మెనూని కుదించారు. కట్, కాపీ, రీనేమ్, డిలీట్ అన్న మాటలు తీసేసి వాటి చోట వరసగా చిన్న చిన్న బొమ్మలు పెట్టారు. ఫైళ్ళని కుదించే విన్‌రార్ లాంటి పాత సాఫ్ట్‌వేర్ల ఆప్షన్లు 'షో మోర్ ఆప్షన్స్' వెనక్కి పోయాయి. షిఫ్ట్ ఎఫ్10 కొడితే పాత మెనూ వస్తుందని తెలిసేదాకా ప్రతిదానికీ ఒక క్లిక్ అదనం. తర్వాత ఒక అప్‌డేట్‌లో ఆ బొమ్మల కింద మాటలు మళ్ళీ చేర్చారు. ఆ మాత్రం దానికి తీయడమెందుకో.

లినక్స్ వైపు కథలు ఇంకా పొడుగు. 2012లో గ్నోమ్ 3.6తో పాటు వచ్చిన ఫైల్ మేనేజర్లో, ఎఫ్3 కొడితే విండో రెండుగా చీలే సౌకర్యాన్ని తీసేశారు. నచ్చక లినక్స్ మింట్ అనే లినక్స్ రకం చేసేవాళ్ళు పాత రూపాన్ని పట్టుకుని నీమో అని సొంతంగా ఒకటి చేసుకున్నారు. అదే సమయంలో ఇంకో మార్పు కూడా వచ్చింది, నన్నడిగితే అన్నింటికన్నా చిరాకు పెట్టేది ఇదే. ఫోల్డర్లో ఉండగా రెండక్షరాలు టైప్ చేస్తే ఆ అక్షరాలతో మొదలయ్యే ఫైల్ మీదికి గెంతాలి. అన్ని సిస్టమ్‌లలోనూ వేళ్ళకి పట్టిన అలవాటది. దాని బదులు సెర్చ్ మొదలవుతుంది. మీరు చూస్తున్న వరస మాయమై లోపలి ఫోల్డర్లలోవి కూడా కలిసి ఒక జాబితాగా వచ్చి పడతాయి. పక్క పక్కన ఉన్న రెండు ఫైళ్ళ మధ్య తిరగాలంటే ఎస్కేప్ కొట్టి, మళ్ళీ మొదటికి వచ్చి, స్క్రోల్ చేసుకుంటూ పోవాలి. వందల ఫైళ్ళుండే ఫోల్డర్లతో రోజూ పనిచేసేవాళ్ళు ఈ ఒక్కటి చూసుకోకుండా మారొద్దు.

గ్నోమ్ కుటుంబంలో ఫోటో అప్‌లోడ్ చేసేటప్పుడు వచ్చే ఫైల్ ఎంచుకునే పెట్టె గురించి చెప్పకపోతే వాళ్ళకి అన్యాయం చేసినట్టే. ఫోటోల పేర్లు అన్నీ అంకెలే, బొమ్మలు మాత్రం కనబడవు. చిన్న బొమ్మలు చూపించండి మహాప్రభో అని 2004లో అడిగితే, గ్నోమ్ 44తో 2023లో తీరింది. వాడబోయే లినక్స్ పాతదైతే అదింకా రాలేదన్నమాటే.

ఎక్స్‌టెన్షన్లు దాచడం మాత్రం నవ్వి ఊరుకునే విషయం కాదు. విండోస్ ఇప్పటికీ, మనం మార్చకపోతే, తెలిసిన ఫైల్ రకాల చివర ఉండే మూడు నాలుగక్షరాలని చూపించదు. 2000 మేలో లోకమంతా పాకిన 'ఐ లవ్ యూ' వైరస్ సరిగ్గా దీన్నే వాడుకుంది. ఈమెయిల్‌లో వచ్చిన ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ (మామూలు టెక్స్ట్ ఫైల్ అని గుర్తు), దాని వెనక వీబీఎస్ (నడిచే ప్రోగ్రామ్ అని గుర్తు). వెనకది దాగిపోవడంతో చాలామందికి అది మామూలు ఉత్తరంలా కనబడింది, తెరిచారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సెట్టింగ్ అలాగే ఉంది. కొత్త విండోస్ మెషీన్ తీసుకున్న రోజే వ్యూ మెనూలోకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్ పెట్టండి.

తెలుగులో ఫైళ్ళకి పేర్లు పెట్టుకునే నాలాంటివాళ్ళకి ఒక ప్రత్యేకమైన చిక్కు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 అనే డ్రైవ్ ఫార్మాట్‌లో ఫైల్ పేరుకి హద్దు 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగులో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లు వాడే సంకేతాల పట్టిక) సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. ఉదాహరణకి 'క్షే' చూడడానికి ఒకే అక్షరం. లోపల క, పొల్లు, ష, ఏత్వం కలిపి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. అలా 85 సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది. విండోస్ ఫైల్ సిస్టమ్ లెక్క వేరు, అక్కడ ఇంకా పొడుగు పేర్లు పడతాయి. అందుకని వ్యాసం శీర్షిక మొత్తాన్ని ఫైల్ పేరుగా పెట్టే అలవాటుంటే, అక్కడ హాయిగా ఉన్న ఫైల్ ఇక్కడికి కాపీ కాదు. పేరు పొడవైందన్న మెసేజ్ వస్తుంది. లెక్కపెడితే అరవై డెబ్భై అక్షరాలు కూడా ఉండవు, మరి దేనికంటే పొడవో చెప్పదు. మాక్, లినక్స్‌ల నుంచి విండోస్‌కి వచ్చేవాళ్ళకి ఇంకో రకం. పేరులో ప్రశ్నార్థకం గానీ, కోలన్ గానీ, డబుల్ కోట్ గానీ ఉంటే విండోస్ ఒప్పుకోదు.

కొనే ముందు ఏం చేయాలంటే, షాపులో డెమో మెషీన్ ఉంటే బ్రౌజర్ తెరిచి కూర్చోకుండా ఫైల్ మేనేజర్ తెరవండి. స్నేహితుల దగ్గర ఆ సిస్టమ్ ఉంటే ఇంకా మంచిది. లినక్స్ అయితే ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసి చూడొచ్చు. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు చేసి, ఒకదాన్ని ఇంకోదాని మీదికి లాగండి. వచ్చే పెట్టెలో ప్రతి మాటా చదవండి. పేరు మార్చి అన్‌డూ కొట్టండి, ఫైల్ జరిపి అన్‌డూ కొట్టండి. రెండు అక్షరాలు టైప్ చేసి ఎక్కడికి పోతుందో చూడండి. మీ పెన్ డ్రైవ్ గుచ్చి అందులో ఒకటి డిలీట్ చేసి, అది ఎక్కడికి వెళ్ళిందో వెతకండి.

ఇప్పటికే కొనేసి ఇరుక్కున్నవాళ్ళకి వేరే ఫైల్ మేనేజర్ వేసుకునే దారి ఉంది. విండోస్‌లో టోటల్ కమాండర్ 1990ల నుంచి ఉంది. విండో రెండుగా చీలి, ఎడమనుంచి కుడికి జరుపుకునే పద్ధతి కావాలంటే ఇప్పటికీ దాని తర్వాతే ఇంకేదైనా. ఉచితంగా కావాలంటే డబుల్ కమాండర్, అది మూడు సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. లినక్స్‌లో నాకు నచ్చింది కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ వాళ్ళ డాల్ఫిన్, ఎఫ్3 కొడితే విండో రెండుగా చీలే సౌకర్యం అందులో ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి. వేరేది వేసుకున్నా, ఏదైనా సాఫ్ట్‌వేర్‌లో 'సేవ్ యాజ్' కొట్టినప్పుడు వచ్చేది మాత్రం సాధారణంగా సిస్టమ్ వాళ్ళ పెట్టెనే. దాన్ని మార్చడం దాదాపు కుదరదు.

ఫోల్డర్ల పరీక్ష చేసేటప్పుడు మాత్రం ఉత్తుత్తి ఫైళ్ళతోనే చేయండి, డ్రైవ్‌లో ఉన్న అసలువాటితో కాదు. మీరు వాడుతున్న సిస్టమ్‌లో ఒకే పేరున్న ఫోల్డర్ల దగ్గర ఏం జరిగిందో, ఏ వెర్షనో కింద రాయండి. మారబోయేవాళ్ళు చూసుకుంటారు.